మనవాళ్లకు కిరాయి లేదు

నా దగ్గర కామర్స్ చదువుకున్న పిల్లలెవరైనా ఇది చదువుతుంటే ఇక్కడితో ఆపేయమని నా మనవి. సరుకు తెచ్చుకోవడానికి అయిన కిరాయి వర్తకపు ఖాతాలో రాయాలి, అమ్మిన సరుకు పంపడానికి అయిన కిరాయి లాభనష్టాల ఖాతాలో రాయాలి అని నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ బోర్డు మీద ఏళ్ల తరబడి సుద్దముక్కలు అరగదీసినవాణ్ణి నేను. ఆ రెండో కిరాయి ఎంత పెట్టాలో మాత్రం ఏ పాఠంలోనూ లేదు. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లే ఆ అంకె వేసి ఇచ్చేస్తారు. నా సొంత దుకాణం దగ్గరికొచ్చేసరికి ఆ గడి ఖాళీగా ఉంది. నేనే నింపాల్సి వచ్చింది.

దుకాణం అనగానే షట్టరు, కౌంటరు ఊహించుకోకండి. నాది ఆన్‌లైన్‌లో ఉంది. కాలేజీలో పిల్లలు పలచబడి, నా క్లాసులు మధ్యాహ్నానికే అయిపోవడం మొదలయ్యాక తెరిచాను. ఇంటికొచ్చేసరికి ముందు గదిలో మా అవ్వ నేలమీద కూర్చొని బీడీలు చుడుతూ ఉండేది. మా దిక్కు కన్నతల్లినే అవ్వ అంటాం. ఆమె అట్లా వంగి కూర్చుంటే, ప్యాంటు చొక్కా వేసుకున్న నేను మంచం మీద పడుకొని ఫోను చూడటం నాకే బాగుండేది కాదు. అందుకని ఫోనులోనే వ్యాపారం పెట్టాను.

అసలు మాది బోధన్. బాపు అక్కడి చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు తోలేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక బతుకుదెరువుకు నిజామాబాద్ వచ్చాం. కొన్నేళ్లకు బాపు పోయాడు. అవ్వకు మాత్రం అప్పుడూ ఇప్పుడూ చేతిలో తునికాకు, ఒళ్లో తంబాకు చాట. నా డిగ్రీ, ఆ తర్వాతి చదువు ఆ చాటలోంచే వచ్చాయి. ఇప్పుడు ఆమె నడుము వంగితే లేవదు, లేస్తే వంగదు. అందుకే దుకాణం తెరిచిన రోజు ఆమె ముందు కూర్చొని గట్టిగా చెప్పాను.

"దుకాణం నిలబడంగనే నువ్వు చాట పక్కకు పెట్టాలె అవ్వా. మళ్ల ముట్టద్దు."

"గట్లనే బిడ్డా. ముందుగాల నిలబడనీ."

అది ఎట్లాంటి దుకాణమో కూడా ఆమెకు వివరించాను.

"ఆన్‌లైన్ల ఎవరన్న కొంటరు. నేను ఢిల్లీల ఒకాయనకు చెప్త. ఆయన సీదా వాళ్లింటికే పంపుతడు. మన దగ్గర సామాను ఉండదు."

"మరి దుకాణంల ఏముంటది?"

"నేనుంట."

"నిన్నెవరు కొంటరు బిడ్డా?"

పెళ్లి సంబంధాలవాళ్లు కూడా అప్పటికి అదే అనుమానంలో ఉన్నారు.

ఏం అమ్మాలో తేల్చుకోవడానికి పెద్దగా కష్టపడలేదు. ఢిల్లీవాడి జాబితాలో నేల కుర్చీ ఒకటి కనిపించింది. కాళ్లు ఉండవు. కింద మెత్త, వెనుక వీపుకు ఆసరా. ఫోటోలో ఒక విదేశీ అమ్మాయి దాంట్లో కళ్లు మూసుకొని ధ్యానం చేస్తోంది. నాకు మాత్రం అవ్వ నడుము కనిపించింది. నిజామాబాద్‌లో ఏ గల్లీలోకి పోయినా నేలమీద కూర్చొని బీడీలు చుట్టే ఆడవాళ్లే. ఇన్ని నడుములు నొస్తుంటే కుర్చీ అమ్ముడుపోకుండా ఎట్లా ఉంటుంది? ఫోటో కింద "మీ అమ్మ నడుము గురించి ఎప్పుడైనా ఆలోచించారా?" అని రాశాను. రాసి, మళ్లీ చదువుకొని, నేనే కళ్లు తుడుచుకున్నాను. అంత బాగా వచ్చింది.

ఇక మిగిలింది షిప్పింగ్ రేట్లు. సాఫ్ట్‌వేరు ఒక పేజీ తెరిచి దేశాన్ని జోన్లుగా విడగొట్టమంది. ఒక్కో జోనుకు ఒక పేరు పెట్టి, అందులోకి వచ్చే పిన్‌కోడ్లు రాసి, అక్కడికి కిరాయి ఎంతో చెప్పమంది. బుద్ధి ఉన్నవాడెవడైనా ఢిల్లీ గోదాము నుంచి దూరం చూస్తాడు. నేను మా ఇంటి గడప నుంచి చూశాను. దూరం కూడా కాదు, వరస చూశాను.

మొదటి జోనుకు 'మనవాళ్లు' అని పేరు పెట్టాను. బోధన్ అందులోకి వచ్చింది, ఎందుకంటే అవ్వ చెల్లెలు, మా చిన్నమ్మ అక్కడ ఉంటుంది. ఎడపల్లి వచ్చింది, మేనత్త ఊరు. కందకుర్తి వచ్చింది, అక్కను అక్కడికిచ్చాం. వీళ్ల దగ్గర కిరాయి ఎట్లా తీసుకుంటాం? రేపు ఏ పెళ్లిలోనో ఎదురుపడితే మొహం ఎక్కడ పెట్టుకోవాలి? సున్నా రాశాను. పిన్‌కోడ్ అంటే మా చుట్టాలొక్కరే కాదు, ఆ ఊళ్లో ఉన్న జనమంతా అని ఆ క్షణంలో తట్టలేదు. రెండో జోను 'తెలిసినవాళ్లు'. సిరికొండను ఇందులో వేశాను. ఒకసారి పరీక్షల డ్యూటీకి పోతే అక్కడ ఎవరో ఇంటికి పిలిచి జొన్నరొట్టె, కోడికూర పెట్టారు. ఆ కూరకు సగం కిరాయి. మిగతా భారతదేశమంతా 'బయటివాళ్లు', నిండు కిరాయి.

నిజామాబాద్‌ను ఎందులో వేయాలో తెలియక చాలాసేపు తల గోక్కున్నాను. ఊళ్లోవాళ్లకు కొరియర్ దేనికి, ఇంటికొచ్చి తీసుకుపోతారు కదా అనిపించింది. కొరియర్ అడక్కుండా ఉండాలని వాళ్లను కూడా బయటివాళ్లలో పడేశాను. మన దగ్గర సామాను ఉండదని అవ్వకు అంత వివరంగా చెప్పినవాడికి, ఇంట్లో ఒక్క కుర్చీ కూడా ఉండదన్న సంగతి గుర్తు లేదు.

తర్వాత, అసలు కిరాయి ఎంత అన్న ప్రశ్న. ఇక్కడ నాకు బాపు గుర్తొచ్చాడు. చిన్నప్పుడు చెరుకు లోడు మీద కూర్చొని ఆయనతో ఫ్యాక్టరీ కాంటా దాకా పోయేవాణ్ణి. కాంటా ఎంత చూపిస్తే అదే లెక్క. బండి ఎంత ఎత్తుంది, ఎంత వెడల్పుంది అని అడిగినవాణ్ణి నేను చూడలేదు. అట్లాంటి ఇంట్లో పుట్టినవాడికి బరువు తప్ప వేరే కొలత ఎట్లా తెలుస్తుంది? నేల కుర్చీ బరువు చూస్తే ఏమీ లేదు, అంతా స్పాంజి. ఆ బరువుకు కొరియర్ ఎంత పడుతుందో చూసి అంతే రాశాను. ఈ మాత్రం దాన్ని మనవాళ్ల కోసం నేను భరించలేనా అని ఛాతీ కూడా విరుచుకున్నాను.

చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయినప్పుడు కుర్చీల సంగతి, మనవాళ్లకు కిరాయి లేదన్న సంగతి అవ్వ అక్కడ చెప్పింది. కార్ఖానాలో ఒక మాట పడిందంటే పొద్దుగూకేలోపు గల్లీ గల్లీకి చేరుతుంది. మొదట మా వాడకట్టులోని ఒక పెద్దావిడ వచ్చింది.

"కుర్చీలు సూపియ్యి బిడ్డా. కూసోని సూస్త."

"ఇక్కడ లేవు పెద్దమ్మా. ఢిల్లీల ఉన్నయ్."

"అంటే కూసోని సూడనీకె నేను ఢిల్లీకి పోవాల్నా?"

ఆమె నన్నొకసారి, ఖాళీగా ఉన్న మా ముందు గదినొకసారి చూసి పోయింది. ఆ రోజే నిజామాబాద్ రేటు మార్చి ఉండాల్సింది. కానీ అప్పుడే బోధన్ నుంచి ఆర్డర్లు మొదలయ్యాయి. ఒకటి కాదు, రెండు కాదు. ఫోను టింగుమన్నప్పుడల్లా బోధన్. మా బోధన్ నన్ను గుర్తుపట్టిందని పొంగిపోయాను. కాలేజీ స్టాఫ్ రూములో నలుగురినీ కూర్చోబెట్టుకొని, స్థానిక మార్కెట్‌ను అర్థం చేసుకోవడం ఎట్లా అని ఉచితంగా బోధించాను. సంబంధాలవాళ్లు ఎవరైనా "పిల్లగాడు ఏం జేస్తడు?" అని అడిగితే అవ్వ కాలేజీ పేరు ఎత్తడం మానేసి "ఆన్‌లైన్ల దుకాణం" అని చెప్పడం మొదలుపెట్టింది.

ఒకరోజు కాలేజీ నుంచి వస్తుంటే మా గల్లీ మొదట్లో అదే పెద్దావిడ ఆటో దిగుతోంది. రెండు చేతుల్లో నా కుర్చీ డబ్బా.

"గిదెక్కడిది పెద్దమ్మా?"

"నీ దుకాణంలదే బిడ్డా. బోధన్ల మా ఆడిబిడ్డ ఇంటికి తెప్పిచ్చుకున్న. గాడికి కిరాయి లేదు గద. బస్సుల ఆడోళ్లకు టికెట్ లేదు. ఆధార్ కార్డు సూపిచ్చుకుంట పోయిన, డబ్బ పట్టుకొని వచ్చిన. నీ దుకాణం శానా మంచిగున్నది."

అప్పటికి గాని నా తలకు ఎక్కలేదు. ప్రభుత్వం ఆడవాళ్లకు బస్సు ఫ్రీ చేసింది, నేను బోధన్‌కు కొరియర్ ఫ్రీ చేశాను. మేమిద్దరం కలిసి నిజామాబాద్ ఆడవాళ్లకు ఒక దారి వేశాం. ఇంటికొచ్చి ఆర్డర్ల జాబితా తీసి చూశాను. బోధన్‌లో చుట్టాలున్నవాళ్లు చుట్టాల ఇంటికి తెప్పించుకున్నారు. చుట్టాలు లేనివాళ్లకు మా చిన్నమ్మ ఉంది. ఆర్డరు తర్వాత ఆర్డరు ఆమె ఇంటి అడ్రసుకే. ఆ ఇంట్లో అన్ని నడుములు లేవు.

అదే ఊపులో ఢిల్లీవాడి దగ్గర నేను ముందుగా డబ్బు వేసి ఉంచిన ఖాతా కూడా తెరిచాను. కుర్చీ పంపినప్పుడల్లా దాని ధర, కొరియర్ కిరాయి అందులోంచి కోసుకుంటాడు. చూస్తే అడుగు కనిపించింది. కుర్చీ ధర సరిగ్గానే ఉంది. కిరాయి మాత్రం నేను రాసుకున్నదానికి ఎన్నో రెట్లు. వెంటనే ఫోన్ చేసి మా నిజామాబాద్ ఉర్దూలో తగులుకున్నాను. ఆ మనిషికి కోపం రాలేదు, అదే నాకు ఇంకా మంట. కొరియర్‌వాళ్లు బరువొక్కటే చూడరట. డబ్బా పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి, లారీలో అది ఎంత జాగా తింటుందో దానికి ఒక బరువు కడతారట. రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే కిరాయి.

"డబ్బాలో ఉన్నది గాలే కదా!" అన్నాను.

"ఆ గాలి కూడా లారీలోనే కదా భాయ్ వస్తున్నది" అన్నాడు.

మనవాళ్లకు పోయిన ఒక్కో కుర్చీ మీద నా లాభం ఎగిరిపోయి, పైనుంచి నా చేతి డబ్బు పడుతోంది. దుకాణం నిలబడి అవ్వ చాట పక్కన పెట్టడం మాట అటుంచి, గిరాకీ ఇట్లాగే పెరిగితే ఆమె ఇంకో చాట కూడా పట్టాల్సి వచ్చేట్టుంది. నిజం చెప్తున్నాను, భయం వేసింది. భయం వేసినప్పుడు నాకు ఎదుటివాళ్ల మీద కోపం వస్తుంది. దగ్గరలో చిన్నమ్మ దొరికింది. ఫోన్ చేస్తే, "సిగ్నల్ లేదు బిడ్డా, ఏం ఇనవడ్తలేదు" అని గంట కొట్టినట్టు స్పష్టంగా చెప్పి పెట్టేసింది.

మర్నాడు కాలేజీకి సెలవు. అవ్వ పొద్దున్నే ఎటో పోయింది, కార్ఖానా దిక్కే అనుకున్నాను. నేను బోధన్ బస్సెక్కాను. సీట్లన్నీ ఆడవాళ్లవే. టికెట్ కొన్న మగవాళ్లం రాడ్లు పట్టుకొని వేలాడుతున్నాం. ఎడపల్లి దాటేదాకా, కాలువ కింది పొలాలు చూసుకుంటూ చిన్నమ్మను ఏమేం అడగాలో వరసగా పేర్చుకున్నాను. నేను దుకాణం నడుపుతున్ననా, సత్రం నడుపుతున్ననా? నీ ఇల్లు ఇల్లా, గోదామా? మాటలు బాగా కుదిరాయి. వాటిని వాడే అవకాశం రాలేదు.

బోధన్ బస్టాండులో దిగేసరికి నిజామాబాద్ పోయే బస్సు దగ్గర గొడవ జరుగుతోంది. ముందు నాకు డబ్బా కనిపించింది. నా కుర్చీ డబ్బా, దూరం నుంచి కూడా గుర్తుపడతాను. దాని వెనుక ఉన్న మనిషి కనిపించడం లేదు, గొంతు మాత్రం వినిపిస్తోంది.

"నాకు టికెట్ లేదన్నవు గద. నా డబ్బకు ఎట్ల ఉంటది?"

"నీకు లేదు అవ్వా. డబ్బకు ఉన్నది" అన్నాడు కండక్టరు.

"ఎత్తి సూడు! బరువే లేదు. అంత గాలే. గాలికి గూడ టికెట్ కొడ్తవా?"

"బరువుతోటి నాకేం పని? జాగ తింటది గద, జాగ! ఇద్దరు మనుషుల జాగ."

ఢిల్లీవాడు హిందీలో చెప్పిన పాఠమే బోధన్ బస్టాండులో తెలుగులో వినపడుతోంది. డబ్బా చుట్టూ తిరిగి చూశాను. ఒక చేత్తో డబ్బా, ఇంకో చేత్తో నడుము పట్టుకొని మా అవ్వ.

పక్కనే చిన్నమ్మ. నన్ను ముందు ఆమే చూసింది. "గదో, దుకాణపోడు వచ్చిండు" అని, వెంటనే చేతులు దులుపుకుంది. "నాకేం తెల్వది బిడ్డా. మీ అవ్వనే మా కోడలు ఫోన్ల ఆర్డర్ పెట్టిచ్చుకున్నది. నీకు సెప్పద్దని ఒట్టు గూడ పెట్టిచ్చింది."

కోపం ఎటు పోయిందో పోయింది. సిగ్గు వచ్చింది. ఊరందరి అమ్మల నడుము గురించి అంత బాగా రాసినవాణ్ణి, మా ఇంట్లో నడుముకు ఒక్క కుర్చీ తెప్పించలేదు. ఆ ఆలోచనే రాలేదు. పైగా అరిచింది కూడా నేనే.

"గిదేంది అవ్వా? నన్నడిగితే నేను తెప్పియ్యనా?"

"నువ్వు తెప్పిస్తే నీ పైసలే పోతయ్ గద. నేను కొంటె నీకు గిరాకి" అంది అవ్వ. "దుకాణం నిలబడాలంటివి. ఇంట్లోళ్లు ఫుకట్ల తీస్కుంటే ఏం నిలబడ్తది?"

"అయితే నిజామాబాద్‌కే పెట్టుకోవచ్చు గద! ఈ నడుముతోటి గింత దూరం..."

"గాడికి కిరాయి పెట్టినవ్. మనోళ్లకు లేదన్నవ్. సిన్నమ్మ ఇంటికాడికి వస్తె నేను గూడ మనోళ్లల్ల పడ్త గద."

ఆ కుర్చీ మీద నాకు ఎంత నష్టమో ఆమెకు చెప్పలేదు. చెప్తే ఆమె దాన్ని అక్కడికక్కడే వాపసు ఇచ్చేసేది. కండక్టరుకు డబ్బా టికెట్ డబ్బులు ఇచ్చాను. "గీ పైసలు ముందుగాల్నే ఇస్తే లొల్లే లేకపోవు" అన్నాడు, ఆ లొల్లి నేనే పెట్టినట్టు. ఒక లెక్కన నేనే పెట్టాను.

అవ్వకు కిటికీ పక్కన సీటు దొరికింది. నేను నడవలో నిలబడి డబ్బాను కావలించుకున్నాను. బస్సు ఊగినప్పుడల్లా డబ్బా, నేను కలిసి ఊగుతున్నాం. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ నన్ను తోసుకుంటూ, అదేమిటని అడగడం మొదలుపెట్టారు. నేను నోరు తెరిచేలోపు అవ్వ అందుకుంది.

"కూసునే కుర్చీ. మా కొడుకు దుకాణంలది. గా నిలబడ్డోడే. బోధన్‌కు కిరాయి లేదు."

బస్సులో సగం మంది నా దిక్కు తిరిగారు. ఒకామె ఫోను తీసి దుకాణం పేరు అడిగింది. వెనుక సీటులోంచి ఇంకొకామె తన ఎడపల్లికి కూడా కిరాయి లేదా అని అడిగింది. అవ్వ నా దిక్కు చూసింది. ఆ మొహంలో ఎంత సంబరం ఉందంటే, "లేదు, ఎడపల్లికి కూడా లేదు" అని చెప్పాను. నిజామాబాద్ చేరేదాకా అవ్వ నాకు గిరాకీ తెస్తూనే ఉంది. ఒక్కొక్కరు దుకాణం పేరు రాసుకుంటుంటే నేను డబ్బాను ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

ఇంటికొచ్చి డబ్బా విప్పాను. మెత్త సర్ది, గోడ పక్కన వేసి, అవ్వను చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టాను. ఆమె మొదట అంచున కూర్చుంది, ఎవరిదో వస్తువైనట్టు. తర్వాత నెమ్మదిగా వెనక్కి ఒరిగింది. వీపు ఆనగానే ఒక నిట్టూర్పు విడిచి కళ్లు మూసుకుంది, అచ్చం ఫోటోలోని ఆ విదేశీ అమ్మాయిలాగే. నాకు చాలా సంతోషం వేసింది. దుకాణం పెట్టినందుకు, మునిగినా సరే, ఈ ఒక్కటి చాలు అనుకున్నాను.

అవ్వ కళ్లు తెరిచింది. చెయ్యి చాచి చాటను దగ్గరికి లాక్కొని ఒళ్లో పెట్టుకుంది. తునికాకు తీసి, తంబాకు వేసి, ఒక బీడీ చుట్టి చూసింది. ఇంకొకటి చుట్టింది.

"శానా మంచిగున్నది బిడ్డా" అంది. "నడుము నొస్తనే లేదు. ఇగ ఇంకో పదేండ్లు రంది లేకుంట బీడీలు చేస్త."

కిరాయి లేదని అందరికీ చెప్పుకున్న ఆమె రేపు కార్ఖానాలో మొహం ఎట్లా చూపించుకుంటుందో, బస్సులో పేరు రాసుకున్నవాళ్లు ఏమంటారో నాకు తెలియదు. నేను లేచి ఫోను తెరిచి మనవాళ్లకు కూడా కిరాయి పెట్టాను.